కుంటి పెట్ట కుంటడం లేదు

సోమవారం

నాకు కోళ్ళంటే అసహ్యం. ముందు ఈ మాట రాసిపెట్టుకోవాలి, రేపు మాట మార్చకుండా.

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఊళ్ళో సగం లిఫ్టులు ఆయన చేతిమీదుగానే నడుస్తాయి. అలాంటి మనిషి, లిఫ్టు లేని మా మూడంతస్తుల మెట్ల మీద కాలుజారి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. డాక్టరు చెప్పేదాకా నడుచుకుంటూ మెట్లు దిగకూడదు. మంచం, కిటికీ పక్క కుర్చీ, బాత్రూమ్. అంతే ఇక ఆయన లోకం.

ఆ రోజు స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. పాపం ఏదో చెప్పబోతున్నారని వంగాను. "కోళ్ళకి మేతెవరు వేస్తారు?" అన్నారు.

"ఎవరికైనా ఇచ్చేద్దాం లెండి" అన్నాను.

మొహం అటు తిప్పేసుకున్నారు. నొప్పి వల్ల అనుకున్నాను. నొప్పి వల్ల కాదని నాకూ తెలుసు.

అందుకని ఇవాళ నేను బట్టలు కుట్టే షాపు నుంచి తిన్నగా ఆ కోళ్ళున్న స్థలానికే వెళ్ళాను. ఆఖరి స్టాపులో దిగి, రైలు గేటు దాటి, టైల్స్ గోడౌన్ పక్కనుంచి మట్టిబాట. ఆ స్థలం కొన్నప్పుడు ఒకసారి చూశాను, మళ్ళీ ఇదే. ఇల్లు కట్టుకుందామని కొన్నాం. కట్టడమైతే కట్టారు, కోళ్ళకి. ఎక్కడో పీకేసిన పాత లిఫ్టు డబ్బాని తెచ్చి ఇటుకల మీద నిలబెట్టి, చుట్టూ వల కట్టారు. తలుపులు చేత్తో లాగాలి. లోపల అంతస్తుల బటన్లు అలాగే ఉన్నాయి, వాటి నిండా రెట్టలు.

కోళ్ళకి లిఫ్టుంది. మాకు లేదు.

బుధవారం

పక్క స్థలంలో నర్సరీ. దాన్ని నడిపే మొక్కలాయన పొద్దున్నే వచ్చి, తన కుండీలకి నీళ్ళు పెట్టేముందు మా లిఫ్టు తలుపు తీసి కోళ్ళని వదులుతాడు. ఇది ఆయనా అతనూ ఎప్పుడో చేసుకున్న ఏర్పాటు. సాయంత్రం పని నాది. మేత వెయ్యాలి, నీళ్ళు మార్చాలి, గుడ్లు తియ్యాలి, కోళ్ళని లోపలికి తోలి తలుపు లాగాలి. తోలడం అంటే రాయడానికి బాగానే ఉంది. "బా... బా..." అంటూ వాటి వెంట పడితే అవి నా వెంట పడ్డాయి. మొక్కలాయన వల అవతల నిలబడి నవ్వాడు.

"వదినా, మీరు పరిగెత్తకండి. చీకటి పడితే అవే ఎక్కుతాయి. వాటి ఇల్లు వాటికి తెలీదా?"

ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా.

మా ఆయనకి ఈ కోళ్ళన్నీ కలిపి 'పిల్లలు'. నాకు అలా కుదరదు. రోజంతా ఒకరి జబ్బ కొలతా ఇంకొకరి నడుం కొలతా చూసే బతుకు నాది. ఎవరి ఒళ్ళు ఎలా ఉందో కన్ను దానంతటదే పట్టేస్తుంది. అందర్నీ పొడుచుకు తినే పెద్ద ఎర్రదానికి మేనత్త అని పెట్టాను. మేత వేసినా కళ్ళు మూసుకుని నిలబడేది నిద్రమొహం. ఎడమకాలు ఈడుస్తూ అందరి వెనకా వచ్చి, మిగిలింది తినే గోధుమరంగుది కుంటిది. దానికి మాత్రం విడిగా ఒక గుప్పెడు వేశాను. జాలి కాదు. అది తినేదాకా నేను బస్సుకి వెళ్ళలేను కదా.

శనివారం

గుడ్లు తెచ్చి ఇచ్చాను. ఆయన ఒక్కోదాన్నీ చెంపకి ఆనించుకున్నారు. పిచ్చిమనిషి.

సోమవారం

కుంటిది కుంటడం లేదు.

అదే రంగు, అదే తోక. అందరి వెనకా కాదు, మధ్యలోకి దూరి తింటోంది. రెండు కాళ్ళూ టకటకా వేస్తోంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని మరీ చూశాను. బాగుపడిందేమో. కోళ్ళకి కాళ్ళు వాటంతటవే బాగుపడతాయా? ఆయన్ని అడగాలి.

మంగళవారం

అడిగాను. నిన్ననే అడిగాను కానీ రాయలేకపోయాను.

"కుంటిది బాగా నడుస్తోందండీ ఇవాళ" అన్నాను, సంతోషిస్తారని.

ఆయన కిటికీలోంచి చూపు తిప్పకుండా, "ఏ కుంటిది?" అన్నారు.

"అదే, గోధుమరంగుది. ఎడమకాలు ఈడుస్తుందే."

"అది ఎప్పుడు కుంటింది? మన దగ్గర కుంటికోడి ఎక్కడుంది?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. టీ చల్లారిపోతోందన్నారు.

ఈ పుస్తకంలో వెనక్కి తిప్పితే రాసి ఉంది, కుంటిది అని. కానీ రాసింది ఎవరు? నేనే కదా. నేను తప్పు చూస్తే, తప్పే రాస్తాను.

శుక్రవారం

చెల్లెలు ఫోన్ చేసింది. అదీ ఇదీ మాట్లాడి, పైపైన అడిగాను: "అమ్మకి మొదట్లో ఎలా మొదలైందే?"

"ఎందుకక్కా ఇప్పుడు?"

"ఊరికే."

"నీకు గుర్తులేదా? పక్కింటివాళ్ళ తెల్లకుక్కని నల్లకుక్క అంది. పందెం కూడా కాసింది. మనందరం పడీ పడీ నవ్వాం."

అవును. నవ్వాం. నేనే అందరికంటే ఎక్కువ నవ్వాను. తర్వాత్తర్వాత అమ్మ, తనకి జడ వేస్తున్న నన్నే, "మీ ఇల్లెక్కడమ్మా? చీకటి పడుతోంది, మీవాళ్ళు ఎదురుచూడరూ?" అని అడిగేది. ఎంత మర్యాదగా అడిగేదో.

అప్పుడు అమ్మ వయసు ఇప్పుడు నా వయసే.

"అక్కా, ఉన్నావా?" అంది చెల్లెలు.

"ఉన్నాను" అన్నాను.

సోమవారం

ఒక షర్టుకి కుడిచెయ్యి ఎడమవైపూ, ఎడమచెయ్యి కుడివైపూ తగిలించాను. ఇన్నేళ్ళలో ఇలాంటిది చెయ్యలేదు. కటింగ్ మాస్టారు దాన్ని హ్యాంగరుకి తగిలించి, దూరంగా నిలబడి చూశారు. "ఈ మనిషి వెనక్కి నడుస్తాడు కాబోలు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత నేను కుట్లు విప్పుతుంటే పక్కన కూర్చుని, "ఇంట్లో మనిషి మంచాన పడితే ఇలాగే ఉంటుందమ్మా. రెండ్రోజులు సెలవు పెట్టు" అన్నారు నెమ్మదిగా.

అదే. ఆయన మంచాన పడటం వల్లే. నిద్ర చాలటం లేదు. ఇంకేం లేదు.

మంగళవారం

ఒంటినిండా మచ్చలున్న కోడి ఒకటుంది, మచ్చలది అంటాను. దానికి మచ్చలు తగ్గాయి. ఎండ వల్ల అలా అనిపించిందేమో.

గురువారం

ఒక ఉపాయం తట్టింది. మేనత్త కాలికి ఎర్రదారం కట్టాను. దారాలకేం కరువు, నా జేబు నిండా అవే. అది నన్ను ముంజేతి మీద రెండుచోట్ల పొడిచింది. పొడవనీ. గాయం ఉంది కాబట్టి, కట్టిన మాట నిజమని రేపు నాకే సాక్ష్యం.

మొక్కలాయన వల దగ్గరికొచ్చి అడిగాడు. "ఏం చేస్తున్నారు వదినా?"

"గుర్తు కడుతున్నాను."

"గుర్తెందుకు?" అన్నాడు. ఎందుకో గాభరాపడ్డాడు. నేను వెర్రిదానిలా కనిపించి ఉంటాను.

ఆదివారం

మేనత్త కాలికి దారం లేదు. నిన్నటిదాకా ఉంది. ఊడిపోయిందంటారా, నేను వేసే ముడి ఊడదు. అదొక్కటే కాదు. మేనత్త ఇవాళ ఎవర్నీ పొడవలేదు. నేను చెయ్యి చాపితే వెనక్కి జంకింది. మేనత్త! ఆ గయ్యాళి! ఓ మూల నిలబడి, కొత్తగా అత్తారింటికొచ్చిన పిల్లలా దిక్కులు చూస్తోంది.

బస్సులో జేబులో చెయ్యి పెడితే ఎర్రదారం ముక్క తగిలింది. నా జేబులో ఎప్పుడూ ఏదో ఒక దారం ఉంటుంది. అది ఇదేనా? నేనే విప్పానా? విప్పి మర్చిపోయానా? లేక అసలు కట్టనే లేదా?

ముంజేతి మీద గాయాలున్నాయి. కానీ షాపులో నాకు సూదులు గుచ్చుకుంటూనే ఉంటాయి.

ఆయన్ని ఏమీ అడగలేదు. మళ్ళీ "ఏ మేనత్త?" అంటే తట్టుకోలేను.

"పిల్లలెలా ఉన్నారు?" అన్నారు ఆయన.

"బాగున్నారు, ఎప్పటిలాగే" అన్నాను.

"అలాగా" అంటూ హాయిగా ఊపిరి వదిలారు.

బుధవారం

వంటింట్లో కుళాయి కట్టెయ్యలేదు. స్నానం చేసి వచ్చేసరికి నీళ్ళు గుమ్మం దాటి ఆయన మంచం కాళ్ళ దాకా పారాయి. మందు మత్తులో పడుకుని ఉన్నారు. లేచేలోపు తుడిచేశాను. చెప్పలేదు.

ఏమీ లేదు. అలసట.

శుక్రవారం

అలసట.

సోమవారం

క్యాలెండర్ చూడకుండా 'సోమవారం' అని రాశాను. తర్వాత చూశాను. సోమవారమే. ఎంత సంబరపడ్డానో. సోమవారాన్ని సోమవారం అన్నందుకు సంబరపడే రోజులొచ్చాయి నాకు.

కానీ సాయంత్రం షాపు దగ్గర వేరే బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది, కూర్చున్నాను. దిగి నడుస్తూ నడుస్తూ ఒక పచ్చగేటు ముందు ఆగి, గడియ తియ్యబోయాను. మేం ఎప్పుడో ఖాళీ చేసేసిన పాత ఇల్లు అది. లోపల్నుంచి ఎవరో ఆవిడ, "ఎవరు కావాలండీ?" అంది.

ఎవరు కావాలో చెప్పలేకపోయాను.

రెండు బస్సుల నంబర్లూ ఒకేలా ఉంటాయి. ఎవరైనా పొరపాటు పడొచ్చు.

కోళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి చీకటి పడింది. అన్నీ లోపలికి ఎక్కి వరసగా కూర్చున్నాయి. తలుపు లాగుతూ అనుకున్నాను, వీటి ఇల్లు వీటికి తెలుసు.

గురువారం

దీన్ని జాగ్రత్తగా రాయాలి. జరిగింది జరిగినట్టు.

మధ్యాహ్నం షాపులో కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందట, రాత్రిదాకా రాదన్నారు. మాస్టారు అందర్నీ ఇళ్ళకి పొమ్మన్నారు. ఎలాగూ సాయంత్రం వెళ్ళాల్సిందేగా అని నేను తిన్నగా కోళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఎండ మండిపోతోంది. వల తలుపు బార్లా తీసి ఉంది. లిఫ్టులోంచి మా ఆయన గొంతు వినిపించింది.

అవును. మా ఆయన గొంతే. మూడో అంతస్తులో మంచం మీదున్న మనిషి గొంతు, కోళ్ళ గూట్లోంచి.

అయిపోయింది, ఇదే ఆఖరి మెట్టు, అనుకున్నాను. అమ్మకి కూడా చివర్లో గొంతులు వినిపించేవి.

అయినా లోపలికి తొంగిచూశాను. మొక్కలాయన నాకు వీపు పెట్టి గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు వెదురుబుట్ట. చంకలో ఒక కొత్త కోడి, గింజుకుంటోంది. నీళ్ళ గిన్నెకి ఆనించి ఫోన్, ఫోన్లో మా ఆయన మొహం.

"తోక చూడన్నా. ఇది సరిపోతుందా?" అంటున్నాడు మొక్కలాయన.

"కాస్త ఇటు తిప్పు. మెడ దగ్గర ఇంకొంచెం నలుపుండాలి దానికి."

"ఇంతకంటే దొరకలేదన్నా. స్టాపు దగ్గర కోళ్ళమ్మే అతను నన్ను చూసి నవ్వుతున్నాడు. ఇదేమైనా పెళ్ళిసంబంధమా, ఫోటో పెట్టుకుని తిరుగుతున్నావంటున్నాడు. వదిన కనిపెట్టేస్తుందేమోనని భయంగా ఉందన్నా. ఆమధ్య దారాలు కూడా కట్టింది."

"పర్లేదులే. ఆవిడకేం తెలుస్తుంది? ఆవిడకి కోళ్ళన్నీ ఒకటే" అన్నారు మా ఆయన.

అడుగు చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను. బస్టాపు బెంచీ మీద కూర్చున్నాను. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి.

మొదట ప్రాణం లేచొచ్చింది. కుంటిది కుంటింది! మేనత్త పొడిచింది! నా కళ్ళకేం కాలేదు, నా బుర్రకేం కాలేదు. పక్కన కూర్చున్న ముసలావిడ, "మంచి కబురేదో విన్నట్టున్నావమ్మా" అంది. తలూపాను.

తర్వాత ఒక్క మాట గుర్తొచ్చింది. "అది ఎప్పుడు కుంటింది?" నా ఎదురుగా కూర్చుని అన్నారు. నా మొహం ఎలా పాలిపోయిందో చూసి ఉండాలి. చూడలేదా? చూసీ ఊరుకున్నారా? నేను పిచ్చిదాన్నవుతుంటే హాయిగా ఊపిరి వదిలారా?

ఏ బస్సెక్కి ఇంటికొచ్చానో తెలీదు. సరైనదే ఎక్కి ఉంటాను, వచ్చాను కదా.

శుక్రవారం

మింగలేక కక్కలేక ఉన్నాను. ఆయన మామూలుగానే ఉన్నారు. టీ బాగుందన్నారు.

శనివారం

ఇవాళ మొక్కలాయన్ని చూశాను. నన్ను చూడగానే తేలుకుట్టిన దొంగలా కుండీల మధ్యకి తప్పుకున్నాడు. కొత్తది మెడ వంచి మేత తింటోంది. దాని తప్పేముంది. దానికీ ఒక గుప్పెడు వేశాను.

ఆదివారం

ఇవాళ అయిపోయింది.

పొద్దున టీ ఇచ్చాను. "పిల్లలెలా ఉన్నారు?" అన్నారు ఎప్పటిలాగే.

"వీడియోలో చూశారుగా" అన్నాను.

కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మీ తోకల బేరం జరుగుతుంటే గుమ్మంలోనే ఉన్నాను."

కప్పు కింద పెట్టి దుప్పటి సర్దుకున్నారు. సర్దుకోవడానికి అందులో ఏమీ లేదు. "ముంగిస పడింది" అన్నారు. "లిఫ్టు వెనకనుంచి తవ్వుకుని దూరుతోంది. ఒక కంత మూస్తే ఇంకో కంత. నేనుండి ఉంటే చేసేవాణ్ణి. అతనికి చేతనైంది అతను చేశాడు."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే ఏమంటావు? ఇచ్చేద్దాం అంటావు. మొదటి రోజే అన్నావు. స్ట్రెచర్ మీద ఉండగానే అన్నావు." ఆయన పైకి వేలు చూపించారు. "ఇక్కడ పడుకుని ఈ పైకప్పు చూస్తుంటే నాకేముందే? సాయంత్రం నువ్వొచ్చి 'బాగున్నారు' అనే ఆ ఒక్క మాట. దానికోసం రోజంతా కాచుక్కూర్చుంటాను. ఒకటి పోయిందని తెలిస్తే, అన్నీ అమ్మేసి చేతులు దులుపుకుంటావని..."

"సరే. కొత్తవి తెచ్చారు. బాగుంది. కుంటిది ఎప్పుడు కుంటిందని నన్నడిగారే, అదేమిటి?"

"ఏదో ఒకటి అనాలిగా. నోటికొచ్చింది అనేశాను."

"నోటికొచ్చిందా?"

నా గొంతు నాకే వింతగా వినిపించింది. అప్పుడు మొత్తం చెప్పేశాను. దారం కట్టి చూసుకున్నది, ఈ పుస్తకంలో వెనక్కి తిప్పి చూసుకున్నది, చెల్లెల్ని అడిగింది. "నేను అమ్మలా అయిపోతున్నాననుకున్నాను" అన్నాను.

మొదట ఆయనకి అర్థం కాలేదు. "అమ్మలా అంటే?" అన్నారు. అని, నా మొహం చూసి, ఉన్నట్టుండి ఆయన మొహం మారిపోయింది. అమ్మకి చివరి రోజుల్లో తినిపించినవాళ్ళలో ఆయనా ఒకరు.

కప్పు పక్కకి జరిపి అన్నారు: "నువ్వు వాటి మొహాలు చూస్తావని నేననుకోలేదు. నిజంగా. నీకు కోళ్ళంటేనే గిట్టదు కదా. మేత పారేసి వచ్చేస్తావనుకున్నాను. ఏది కుంటుతోందో, ఏది పొడుస్తోందో... అవన్నీ నువ్వు చూస్తున్నావని తెలిస్తే..."

"తెలిస్తే?"

"చెప్పేవాణ్ణి" అన్నారు. తర్వాత, "ఏమో, చెప్పేవాణ్ణో లేదో" అన్నారు.

ఆ రెండో మాటే నిజమనిపించింది. అందుకే కాస్త కోపం తగ్గింది.

లేచి కప్పు తియ్యబోతూ అడిగాను. నవ్వుతూనే అడిగాను. "కుళాయి కూడా మీ పనేనా?"

"ఏ కుళాయి?"

"వంటింట్లోది. నీళ్ళు మీ మంచం కింద దాకా వచ్చాయి."

"నేనిక్కణ్ణుంచి కదిలింది ఎప్పుడే?"

అవును కదా. కుళాయి కోడి కాదు. షర్టు చేతులు కోళ్ళు కావు. పచ్చగేటు కోడి కాదు. అవి ఎవరూ మార్చి పెట్టలేదు.

ఆ పచ్చగేటు సంగతి కూడా చెప్పాను. ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నారు. వెళ్ళి మంచం అంచున కూర్చున్నాను. ఇద్దరం కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాం. ఎదుటి మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు.

మంగళవారం

ఎవరి మీద కోపమో తెలీటం లేదు. ఆయన మీదా? కోళ్ళ సంగతి తేలిపోయాక కూడా మిగిలిపోయినదాని మీదా? నిన్నటిదాకా అన్నీ కలిపి ఒకే భయం. ఇప్పుడు సగం పోయింది. మిగిలిన సగం ఎక్కువ బరువుగా ఉంది.

మొక్కలాయన మొహం వేలాడేసుకుని వచ్చి ఒక గులాబీ కుండీ ఇచ్చాడు. "వదినా, అన్న మాట కాదనలేకపోయాను. మీరు దారం కట్టిన రోజే మీకు అనుమానం వచ్చిందనిపించింది. ఆ కోడిని ముంగిస పట్టుకుపోయింది, దాని కాలి దారం కంచెకి చిక్కుకుంటే నేనే తీశాను. ఇంత బాధపడుతున్నారని తెలీదు."

దారం దొరికిందన్నమాట. నా జేబులోది వేరే ముక్క. అయినా ఆ కబురు నాకు చాలినంత సంతోషం ఇవ్వలేదు.

"ముంగిసకి ఏం చేద్దాం?" అన్నాను.

ఇద్దరం కలిసి వెనకవైపు మట్టి తవ్వి, టైల్స్ గోడౌన్ వాళ్ళు పారేసిన పగిలిన బండలు నిలువునా దింపాం. రేపు తెలుస్తుంది.

శనివారం

ఆయన డాక్టరు దగ్గరికి వెళ్ళమంటున్నారు. వెళ్తాను అన్నాను. వెళ్ళలేదు.

బుధవారం

మళ్ళీ అడిగారు. "ఈ వారం షాపులో పని ఎక్కువ" అన్నాను. "అబద్ధం" అన్నారు. అబద్ధమే.

శుక్రవారం

ఈ ఉదయం నేను చెప్పులేసుకునేసరికి, ఆయన శుభ్రంగా బట్టలు మార్చుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"ఎక్కడికి?"

"నీతో. డాక్టరు దగ్గరికి."

"మెట్లు దిగకూడదన్నారుగా!"

"నడిచి దిగకూడదన్నారు. కూర్చుని దిగొద్దని ఎవరూ అనలేదు."

అని, మొదటి మెట్టు మీద చతికిలబడ్డారు. చేతులు ఆనించి ఒక మెట్టు జరగడం, ఆగడం, ఊపిరి పీల్చుకోవడం, ఇంకో మెట్టు. నేను వాకర్ పట్టుకుని వెనకాల. రెండో అంతస్తు వాళ్ళు తలుపు తీసి చూశారు. "లిఫ్టు పనిచెయ్యటం లేదండీ" అని ఈయన వాళ్ళతో హాస్యం. కింది మెట్టుకి వచ్చేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, మొహం తెల్లబడింది. పద పద అన్నారు.

డాక్టరమ్మ నన్ను చాలా అడిగింది. బొమ్మలు చూపించింది, గడియారం గీయమంది, వెనకనుంచి లెక్కపెట్టమంది. అన్నీ చెప్పాను, ఒకచోట తడబడ్డాను. రక్తం తీశారు. రిపోర్టు వచ్చేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. కోళ్ళ ఊసెత్తలేదు.

లోపలికి పిలిచాక డాక్టరమ్మ చెప్పింది. రక్తంలో ఒక విటమిన్ బాగా తక్కువగా ఉంది, దానికి ఇంజెక్షన్లు. నిద్ర లేదు, దాన్ని సరిచేసుకోవాలి. మతిమరుపు రావడానికి ఈ రెండూ చాలట.

"మా అమ్మకొచ్చిన జబ్బేనా?" అన్నాను.

"ఇవాళ చూస్తే అలా అనిపించటం లేదు. కానీ ఎప్పటికీ రాదని నేను రాసివ్వలేనమ్మా. ఆరు నెలలకోసారి వచ్చి కనిపించండి."

బయటికొచ్చాక ఏడవాలో నవ్వాలో తెలీలేదు. ఆటో ఎక్కాక ఆయన డ్రైవర్‌కి మా ఇంటి దారి చెప్పలేదు. రైలు గేటు వైపు పోనిమ్మన్నారు.

స్థలంలోకి వాకర్ మీద మెల్లగా వచ్చారు. వల తలుపు దగ్గర నిలబడి "బా... బా... బా..." అన్నారు. ఎంత ముద్దుగా పిలిచారో. ఒక్కటీ కదల్లేదు. తలలు పక్కకి వంచి, ఎవరీ మనిషి అన్నట్టు చూశాయి. నేను లోపలికి వెళ్ళగానే అన్నీ నా కాళ్ళకి అడ్డం పడ్డాయి.

ఆయన అలాగే నిలబడ్డారు. ఆయన మొహం చూడలేకపోయాను.

"వీటిలో నావేవే?" అన్నారు.

"నిద్రమొహం ఒక్కటే. అదిగో, ఆ మూల." అది కళ్ళు మూసుకుని నిలబడి ఉంది.

ఒక్కోదాన్నీ చూపిస్తూ చెప్పాను. ఇది కుంటిదాని బదులు వచ్చింది, తిండిపోతు. ఇది మచ్చలదాని బదులు. ఇది మేనత్త బదులు వచ్చింది, మొదట్లో జంకేది, ఇప్పుడు అదే అందర్నీ పొడుస్తోంది. పోయినవాటి సంగతీ చెప్పాను. కుంటిది ఎలా తినేదో, మేనత్త నన్ను ఎక్కడ పొడిచిందో. ఆయన వింటూ కళ్ళు తుడుచుకున్నారు. అవి పోయాక వాటికోసం మేమిద్దరం కలిసి బాధపడింది ఇదే మొదటిసారి.

అప్పుడన్నాను: "ఇకమీదట ఇక్కడ ఏది పోయినా నాకు చెప్పండి. నాలో ఏది పోతున్నా నేను మీకు చెబుతాను."

"నువ్వు చెప్పడం మర్చిపోతే?" అన్నారు. అనేసి, అనకూడని మాట అన్నానా అన్నట్టు నా వైపు చూశారు.

నాకు నవ్వొచ్చింది. ఈమధ్య ఇంత నవ్వలేదు.

"అప్పుడు మీరు చెప్పండి. కుంటుతున్నావు అని నా మొహం మీదే చెప్పండి."

ఆటోవాడు రోడ్డు మీద హారన్ కొడుతున్నాడు.

"చెబుతాను" అన్నారు.